బాహాటపు గూఢచారి

మొన్న ఆదివారమునాడు మా అమ్మాయి తన కంప్యూటరుపై నాకొక గ్రీకు హాస్యచిత్రమును చూపినది. నాకు గ్రీకు రాదు. క్రింద వచ్చు ఇంగ్లీషు మాటలను పట్టుకొని చూచితిని. 1967వ సంవత్సరపు చిత్రమది. నాయకుడు థనాసిస్ వెంగోస్, దర్శకుడును అతడే. పేరును తెలుగున చెప్పవలసినచో "రక్షింపుడు! వెంగోస్, బాహాటపు గూఢచారి 000" అనవలెను. జేమ్సు బాండునకు 007 ఉండగా ఇతనికి మూడు సున్నలు. గూఢచారి యనగా కనబడనివాడు గదా! ఇతడు వీథిలోని వారందరికిని కనబడును.

ఉత్సాహమే కాని నేర్పు లేని యీ బక్కపలుచని బట్టతలవాడు గూఢచారుల పాఠశాలలో చేరును. ఇక పడుటలు, లేచుటలు, పరుగులు! ఆ పరుగే అతని హాస్యమునకు ప్రాణము. ఊపిరాడక తిరుగువానిని గ్రీకులు వెంగోసువలె పరుగెత్తుచున్నాడందురు. 1969లో అతడే "థూ-వూ" అను బట్టతల గూఢచారిగా మరల వచ్చెను. మన చెవులకది ఉమ్మివేసినట్లుండును గాని, అవి అతని పేరులోని పొడి యక్షరములు మాత్రమే.

ఆ దేశచరిత్రము కొంత చదివిన పిమ్మట ఈ నవ్వునకు వేరొక రుచి కలిగినది. అంతర్యుద్ధకాలమున వామపక్షమువారని యనుమానింపబడిన యువకులను మాక్రోనిసోస్ ద్వీపమునకు పంపి, పశ్చాత్తాపపత్రములపై సంతకములు చేయించుచుండిరి. వెంగోస్ 1948 మొదలు 1950 వరకు అచటనే యుండెను. అచట పరిచితుడైన నికోస్ కుందూరోస్ 1954లో "మాయానగరము" చిత్రమున అతనికి వేషమిచ్చెను. తరువాతను పోలీసులు పౌరులపై దస్త్రములు కూర్చుచునేయుండిరి. సర్కారు కొలువు కావలెనన్నచో భావములు శుద్ధమైనవని వారి పత్రము తేవలెను. పొరుగువాడే చారుడు. 1967 ఏప్రిలు 21న సైనికులు రాజ్యము నాక్రమించిరి. ఆ దస్త్రములు కాలి బూడిదయగుట 1989లో. ఈ చిత్రమును రాజకీయవ్యంగ్యమని నేననను, బాండునకు వెక్కిరింతయే. అయినను, వేగువాడు బోర్లపడినప్పుడు ఆ జనులు ఎంత తృప్తిగా నవ్వియుందురో ఊహింపగలను.

నేను నవ్వలేకపోయిన ఘట్టమును ఉన్నది. స్త్రీవిద్యనుగూర్చి సభలలో ఉపన్యసించు నేను, ఏడేండ్లక్రిందట, కాలేజీనుండి గురువారములు ఆలస్యముగా వచ్చుచున్న మా అమ్మాయిని అడుగుటకు బదులు వెంబడించితిని. అడుగుట తండ్రితనమునకు చిన్నతనమని తోచినది. దొంగవలె నడచుట మాత్రము తోచలేదు! నల్లగొడుగు ముఖమునకడ్డము పెట్టుకొని, కిళ్లీకొట్టు చాటున ఆగి, మరల నడచితిని. గ్రంథాలయపు మలుపున ఆమె నిలిచి వెనుదిరిగినది.

"నాన్నగారూ, ఎండగా ఉన్నది. ఆ గొడుగులోనికి నన్నుకూడ రానీయండి."

ఆనాడు ఇద్దరమును ఒకే బల్లయొద్ద కూర్చుండి చదివితిమి. ఆమె పరీక్షకు చదువుచుండెను. నేను తిరుగవేసిన పత్రికలో ఏమున్నదో నేటికిని జ్ఞాపకము లేదు. ఇంటికి వచ్చి ఆమె తల్లికి చెప్పలేదు, ఆమెయు చెప్పలేదు.

చిత్రము ముగిసినది. "ఎట్లున్నది నాన్నగారూ?" అని యడిగినది. బాగున్నదంటిని. ఆమె లేచి, కుర్చీకి తగిలించిన నా గొడుగును తీసి, నవ్వుచు గోడకు చేర్చినది.