పటాటోగారి పెత్తనం

నవ్వనని మాటిస్తే ఒక సంగతి చెబుతాను. ఈమధ్య నేనొక బంగాళాదుంపగారికి అభిమానినయ్యాను.

అసలు పేరు కార్లోస్ వాల్డెస్. 1926లో క్యూబాలో, హవానా నగరంలో పుట్టాడు. మనిషి పొట్టి. అందుకని ‘పటాటో’ అనే ముద్దుపేరు స్థిరపడిపోయింది. బంగాళాదుంపని స్పానిష్‌లో పటాటా అంటారని మా అబ్బాయి చెప్పిన దగ్గర్నుంచీ, ఆ పేరు వింటే చాలు నాకు వేపుడు మూకుడే కళ్ళముందు కదులుతోంది. ఏం చేస్తాం, పాతికేళ్ళ కాపురం!

ఆయన వాయించేది కాంగా. పొడుగాటి పీపాలా ఉంటుంది. కర్రలేమీ ఉండవు, ఉత్త చేతులే. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ క్యూబాలో ప్రాణంగా దాచుకున్న నాదమది. హవానాలో కుర్రవాడిగా ఉన్నప్పుడే పెద్ద మేళాల్లో వాయించాడు. పెంగ్విన్ పక్షిలా నడుస్తూ డాన్సు చేసి పేరు తెచ్చుకున్నాడు. 1950లలో న్యూయార్కు చేరాడు. మాచీటో, టీటో ప్యుయెంటేల మేళాల్లో వాయించాక, 1959 నుంచి 1972 దాకా హెర్బీ మాన్ అనే ఫ్లూటు విద్వాంసుడి వెనక కూర్చున్నాడు. వెనక అన్న మాట గుర్తుంచుకోండి.

ఆ రోజుల్లో కాంగాకి చర్మాన్ని మేకులతో బిగించేవారట. శ్రుతి దిగితే మంట సెగ చూపించాల్సిందే. పటాటోకి ఈ తంటా నచ్చలేదు. ఇనప కట్టు వేసి, తాళంచెవిలా తిప్పితే చర్మం బిగిసే పద్ధతికి దారి చూపినవాళ్ళలో ఆయన్ని ముందు చెబుతారు. ఇక చూడండి, రెండు మూడు కాంగాలను తలొక స్వరానికీ బిగించుకుని, వాటిమీదే పాట పలికించేవాడు.

ఇది వినగానే నాకు మా పెద్దన్నయ్య గుర్తొచ్చాడు. అన్నయ్య మృదంగం వాయించేవాడు. కచేరీ ఉందంటే ఎడమవైపు మూతికి పెట్టడానికి బొంబాయిరవ్వ తడిపి ముద్ద చేసివ్వడం పదేళ్ళ నా పని. “ఇంకొంచెం నీళ్ళు పోయవే” అనేవాడు. రవ్వ తడపడంలో అంత శ్రద్ధ చూపించినదాన్ని, తీరా తని ఆవర్తనం మొదలయ్యేసరికి ఏం చేసేదాన్నో చెప్పనా? సభలో సగం మందితోపాటు లేచి కాఫీకి వెళ్ళేదాన్ని. పాడినావిడకి శాలువా కప్పే వేళకి మాత్రం ముందు వరసలో హాజరు.

మళ్ళీ పటాటో దగ్గరికి వద్దాం. 1960లలో టోటికో అనే గాయకుడితో కలిసి ఒక రికార్డు చేశాడు గానీ, అందులో పేరు చెరిసగం. 1976లో, ఏభయ్యేళ్ళు నిండే వేళకి, అట్టమీద తనొక్కడి పేరుతో వచ్చింది ఒక సల్సా రికార్డు. సల్సా అంటే వాళ్ళ భాషలో సాసు, మనం పులుసనుకోవచ్చు. రికార్డు పేరు ‘అథారిటీ’. నేనైతే ‘పెత్తనం’ అంటాను.

ఇన్నాళ్ళకి పెత్తనం చేతికొచ్చింది గదా, ఇంక ఎవర్నీ నోరెత్తనివ్వకుండా దంచేస్తాడనుకున్నాను. కొత్తగా తాళాలు చేతికొచ్చిన కోడళ్ళని చూశాం కదండీ! అబ్బే, ఈయన అలా కాదు. పాడేవాళ్ళని పాడనిచ్చాడు, పియానోని పలకనిచ్చాడు. కానీ ఎవరెక్కడ నిలబడాలో, ఎప్పుడు కదలాలో ఆ చేతులే చెబుతున్నాయి. రెండోసారి వింటేగాని నాకది తెలియలేదు.

పోయిన నెల అన్నయ్య మా ఇంటికొచ్చాడు. అరవై రెండేళ్ళు. వేళ్ళు సరిగ్గా వంగక వాయించడం మానేసి చాలాకాలమైంది. ఫోన్లో ఆ పాటలు పెట్టి బల్లమీద ఉంచాను. ఏమీ మాట్లాడలేదు. కాసేపటికి కుర్చీ చేతిమీద వేళ్ళు కదిలాయి, ఆ వంగని వేళ్ళే.

“ఉన్నాడా ఈయన?” అన్నాడు.

“లేడన్నయ్యా. కాలిఫోర్నియాలో కచేరీలు చేసుకుని విమానంలో న్యూయార్కు తిరిగొస్తుంటే ఊపిరి అందలేదట. క్లీవ్‌లండ్‌లో దించి ఆస్పత్రిలో చేర్చారు. 2007 డిసెంబరు 4న అక్కడే పోయాడు. ఎనభై ఒక్కేళ్ళు” అన్నాను.

“చివరిదాకా వాయించాడన్నమాట” అని మళ్ళీ వినసాగాడు. పాటలో గొంతులు తగ్గి కాంగా ఒక్కటే వినిపించే చోటు వచ్చింది. అన్నయ్య నావైపు చూసి నవ్వాడు.

“ఏమే, ఇందులో కాఫీకి ఎప్పుడు లేస్తారు?”

స్టవ్ మీద పాలు అప్పుడే పొంగుతున్నాయి. నేను లేవలేదు.