అవ్వ దాటిన సముద్రం

నెల్లూరు పల్లెల్లో పిల్లలు ఇంట్లో ముసలమ్మని ‘అవ్వా’ అని పిలుస్తారు. సముద్రానికి అవతల, దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో స్థిరపడ్డ తెలుగు కుటుంబాల్లోనూ అదే పిలుపు. తెలుగు మాట్లాడటం ఎప్పుడో మానేసిన ఇళ్లలో కూడా ఇంగ్లిషు మాటల మధ్య ‘అవ్వ’, ‘తాత’ చెక్కుచెదరలేదు. ఆ పిలుపు అక్కడిదాకా ఎలా వెళ్లింది?

చెరకు తోటల్లో పని చెయ్యడానికి మద్రాసు నుంచి మొదటి ఓడ ‘ట్రూరో’ 1860లో బయలుదేరింది. నవంబరు 16న డర్బన్ చేరింది. 1911 దాకా అలా అక్కడికి వెళ్లిన ఒప్పంద కూలీలు లక్షా యాభై రెండు వేల మంది. అందులో ఎక్కువమంది మద్రాసు రేవులో ఓడెక్కినవాళ్లే. నెల్లూరు జిల్లా వాళ్లూ ఉన్నారు.

ఎందుకు వెళ్లారంటే, ఆకలి. 1876-78 కరువు ఈ జిల్లాను పీల్చి పిప్పి చేసింది. ఆ కరువు పనుల్లోనే బకింగ్‌హాం కాలువను తవ్వి కలిపారు. ఆ తర్వాత ఉప్పూ, కట్టెలూ, మనుషులూ ఆ కాలువ మీదే పడవల్లో మద్రాసుకు చేరేవారు. కరువు పోయినా అప్పులు పోలేదు. ఓడలూ ఆగలేదు.

1900లో అయిదేళ్ల పిల్లగా అమ్మానాన్నల వెంట ఓడెక్కిన ఒక అవ్వ బతుకు చూద్దాం. ఈ అవ్వ ఒక్క మనిషి కాదు. అలాంటి ఎందరివో బతుకులు కలిపితే వచ్చే మనిషి.

రిజిస్టర్లో ఆమెకో నంబరు పడింది. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద మచ్చ. అంతే, ఒక్క వరసలో మనిషి మొత్తం!

అయిదేళ్ల గడువు తీరింది. తిరిగి వస్తే ఇక్కడేముంది? అక్కడే ఉండిపోయారు. ఉంటే పన్ను కట్టాలన్నారు. ఏడాదికి మూడు పౌన్లు, అంటే అరవై షిల్లింగులు. ఒప్పందంలో మగవాడి జీతం మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం. ఆడకూలీ ఏడాది జీతం మొత్తం ఆ పన్నుకే సరి! పదమూడేళ్లు నిండిన ఆడపిల్లా కట్టాల్సిందే. 1908లో అవ్వకు పదమూడు నిండాయి.

1913లో గాంధీజీ పిలుపుతో గనుల్లో, తోటల్లో వేలమంది పని మానేశారు. మరుసటేడు ఆ పన్ను పోయింది. అప్పటికి అవ్వ పంతొమ్మిదేళ్ల మనిషి.

తెలుగు నిలవాలని 1931లో డర్బన్‌లో ఆంధ్ర మహాసభ పుట్టింది. అవ్వకు మాత్రం తెలుగు నేర్పేవాళ్లు అక్కర్లేదు. కోపమొచ్చినా, జ్వరమొచ్చినా ఆమె నోట వచ్చేది అదే. ఇబ్బందల్లా మనవళ్లకే. బడిలో ఇంగ్లిషు, వీధిలో ఇంగ్లిషు. అవ్వ తెలుగులో అడిగితే వాళ్లు ఇంగ్లిషులో జవాబు చెప్పేవారు.

1946లో భారతదేశం వర్ణవివక్షకు నిరసనగా దక్షిణాఫ్రికాతో వ్యాపారం తెంచుకుంది. రాకపోకలు కష్టమయ్యాయి. 1950లో వచ్చిన చట్టం జాతుల వారీగా పేటలు గీసింది. కట్టుకున్న ఇళ్లు వదిలి ఎన్నో కుటుంబాలు చాట్స్‌వర్త్ లాంటి పేటలకు తరలాయి. 1961లో గానీ భారతీయులు తమ దేశపు శాశ్వత ప్రజలేనని అక్కడి ప్రభుత్వం ఒప్పుకోలేదు. అప్పటికి అవ్వ అక్కడికి వచ్చి అరవై ఒక్కేళ్లు!

1993లో రెండు దేశాల మధ్య దౌత్య సంబంధాలు మళ్లీ మొదలయ్యాయి. ఆ పాటికి తొంభై దాటిన అవ్వలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. ఇంట్లో తెలుగులో కసిరే మనిషి లేకుండా పోయింది.

ఇప్పుడు మునిమనవళ్లు రిజిస్టర్లోని ఆ ఒక్క వరస నకలు పట్టుకుని ఊరు వెతుక్కుంటూ వస్తున్నారు. చిక్కంతా ఊరి పేరుతోనే. గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా ఇంగ్లిషులో రాసేశాడు. మ్యాపులో వెతికితే దొరకదు. అలాంటివాళ్లు ఎవరైనా మీ ఊరికొస్తే ఆ కాగితాన్ని చదివి వదిలెయ్యకండి. పైకి, నెమ్మదిగా, రెండు మూడు రకాలుగా పలికి చూడండి. పక్కన ఒక ముసలమ్మను కూర్చోబెట్టుకుంటే ఇంకా మంచిది. అక్షరాల్లో దొరకని ఊరు ఆమె చెవికి దొరకొచ్చు.