పిడి తిప్పితే పలికే రేడియో

సగం ఇటుకంత ప్లాస్టిక్ పెట్టె. నెత్తిన చిన్న సోలార్ పలక, వెనక మడిచి పెట్టిన పిడి, ఒక పక్క టార్చిలైటు, ఇంకో పక్క నొక్కితే కూసే సైరను, రబ్బరు మూత కింద ఫోనుకు ఛార్జింగు పెట్టుకునే చోటు. ఎమర్జెన్సీ రేడియో పేరుతో ఆన్‌లైన్‌లో దొరుకుతున్న వీటిని కొనొచ్చా అని ఈ మధ్య నన్ను చాలామంది అడుగుతున్నారు. కోస్తాలో బంధువులున్నవాళ్లు మరీ అడుగుతున్నారు. నా దృష్టిలో దాన్ని తేల్చే ప్రశ్న ఒక్కటే: కరెంటు, ఫోను, టీవీ అన్నీ పోయిన రాత్రి ఈ పెట్టె మనకు అర్థమయ్యే మాట వినిపిస్తుందా? వినిపిస్తే మిగతావన్నీ కొసరు. వినిపించకపోతే అది ఖరీదైన టార్చిలైటు.

ఆ మాట విలువ నాకు మా మేనత్త చెప్పింది. ఆవిడది ఉద్దానంలో కొబ్బరితోటల మధ్య ఇల్లు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఆ ఇంట్లోనే ఉంది. తోటలు పడిపోయాయి, స్తంభాలు విరిగిపోయాయి, రోజుల తరబడి కరెంటు లేదు. తర్వాత నేను వెళ్లినప్పుడు చెట్ల గురించి ఏడ్చింది, ఆ తర్వాత ఈ మాట అంది: "దీపం ఎట్టుకున్నాం, నూతిలో నీళ్లు తోడుకున్నాం, అన్నీ ఎలాగోలా అయిపోనాయిరా. గాలి అయిపోయిందో, మళ్లీ వస్తాదో సెప్పే నాథుడు లేకే పాణం ఉగ్గబట్టుకుని కూకున్నాం."

ఆ భయం ఊరికే వచ్చింది కాదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను కన్ను విశాఖ మీదుగానే వెళ్లింది. కన్ను పైకి వచ్చినప్పుడు గాలి ఒక్కసారిగా తగ్గిపోతుంది. అంతా అయిపోయిందనుకుని మనిషి రోడ్డు మీదికి వచ్చేది అప్పుడే. కాసేపటికి అంతే ఉద్ధృతంగా, ఈసారి ఎదుటి దిక్కు నుంచి గాలి కొడుతుంది. ఆ మధ్య వ్యవధిలో "ఇంకా అయిపోలేదు, బయటికి రావద్దు" అనే ఒక్క వాక్యం చెవిన పడితే ప్రాణాలు నిలబడతాయి. దానికి తెర అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. ఒక గొంతు చాలు.

సెల్‌ఫోను ఉండగా రేడియో ఎందుకు అనేవాళ్లకు ఒకటే చెబుతాను. ఫోనుకు ఛార్జింగు ఉన్నంత మాత్రాన సరిపోదు, టవరుకూ కరెంటు ఉండాలి. కరెంటు పోయాక టవరు కొంతసేపు బ్యాటరీల మీద, ఆ తర్వాత డీజిల్ జనరేటరు మీద నడుస్తుంది. రోడ్డుకు అడ్డంగా చెట్లు పడి డీజిల్ బండి రాకపోతే అదీ ఆగిపోతుంది. ప్రభుత్వం ఫోన్లన్నిటికీ ఒకేసారి పెద్ద మోతతో హెచ్చరిక పంపే ఏర్పాటు చేపట్టింది. 2023లో ఆ పరీక్ష సందేశాలు మనలో చాలామంది ఫోన్లలో మోగాయి. చాలా మంచి ఏర్పాటు. అయితే అది తుఫాను రాకముందు బాగా పనికొచ్చేది. వచ్చి టవర్లను పడగొట్టాక ఎక్కడో దూరాన నిలబడి ఉన్న రేడియో స్టేషనే దిక్కు.

చేత్తో తిప్పే రేడియో పుట్టింది కూడా అలాంటి అవసరం లోంచే. 1991లో ట్రెవర్ బేలిస్ అనే ఇంగ్లండ్ ఆవిష్కర్త ఆఫ్రికాలో ఎయిడ్స్ వ్యాప్తి గురించి టీవీలో ఒక కార్యక్రమం చూశాడు. జాగ్రత్తలు రేడియోలో చెబుదామంటే పల్లెల్లో కరెంటు లేదు, సెల్లులు కొనే స్తోమత లేదు. ఆయన గడియారానికి కీ ఇచ్చినట్టు స్ప్రింగు చుట్టే రేడియో తయారుచేశాడు. చుట్టిన స్ప్రింగు మెల్లగా విచ్చుకుంటూ చిన్న డైనమోను తిప్పేది. దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో ఫ్యాక్టరీ పెట్టి వాటిని తయారుచేశారు. ఇప్పటి రేడియోల్లో ఆ స్ప్రింగు లేదు, పిడి తిప్పితే లోపలి లిథియం బ్యాటరీ ఛార్జవుతుంది. రూపం మారినా ఉద్దేశం అదే: ఏమీ లేనివాడి చేతికి కూడా వార్త అందాలి. అందుకే ఈ వస్తువంటే నాకు గౌరవం.

గౌరవం ఉంది కదా అని లెక్క వదలకూడదు. పిడి విప్పి సెకనుకు రెండు చుట్లు చొప్పున తిప్పితే లోపలి ప్లాస్టిక్ పళ్లచక్రాలు కిర్రున అరుస్తాయి, పక్కనున్న చిన్న ఎర్రదీపం వెలుగుతుంది, నిమిషం తిరక్కుండానే మణికట్టు లాగడం మొదలవుతుంది. మనిషి చేతి నుంచి ఇలా వచ్చేది మహా అయితే రెండు వాట్లు. అందులో కొంత దారిలో పోతుంది. నిమిషం తిప్పితే తక్కువ శబ్దంతో ఓ అయిదారు నిమిషాలు, రేడియో మంచిదైతే ఇంకొంచెం సేపు వినొచ్చు. బులెటిన్ మొత్తం వినాలంటే ఇంటిల్లిపాదీ వంతులేసుకుని తిప్పాలి. నాకది లోపంగా కనిపించదు. ఇంట్లో పదేళ్ల పిల్లవాడి దగ్గర్నుంచి తాతయ్య దాకా తిప్పగలిగినంత కాలం ఆ రేడియో ఆగదు. ఆ ధీమా ఇంకే పరికరమూ ఇవ్వదు.

ఫోను ఛార్జింగు మాత్రం అమ్మేవాళ్లు చెప్పినంత కాదు. ఇప్పటి ఫోనులో 5000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ ఉంటుంది, అంటే సుమారు 19 వాట్ అవర్లు. పది గంటలు ఏకధాటిగా తిప్పినా అది నిండదు. పావుగంటో ఇరవై నిమిషాలో తిప్పితే చచ్చిన ఫోను లేచి "క్షేమంగానే ఉన్నాం" అని చెప్పేంత బలం రావచ్చు. ఆ సమయానికి అదే పదివేలు. అంతకు మించి ఆశపడేవాళ్లు పవర్‌బ్యాంకు కొనుక్కోవాలి.

సోలార్ పలకదీ ఇలాంటి కథే. పది సెంటీమీటర్ల పొడవు, నాలుగు సెంటీమీటర్ల వెడల్పున్న పలక మీద మిట్టమధ్యాహ్నపు ఎండ నాలుగు వాట్ల మేర పడితే, కరెంటుగా మారేది అర వాటుకు కాస్త పైన. 2000 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ నిండాలంటే రెండు మూడు రోజుల మంచి ఎండ కావాలి. మబ్బు పట్టిన రోజున దాని మీద ఆశ పెట్టుకోవద్దు. అయినా దాన్ని తీసిపారేయను. తుఫాను వెళ్లాక ఎండ కాస్తుంది, కరెంటు మాత్రం వారానికో పది రోజులకో గానీ రాదు. తక్కువ శబ్దంతో రేడియో పాడటానికి అర వాటులో సగం కూడా అక్కర్లేదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు జనం పై అంతస్తుల్లో, డాబాల మీద రోజుల తరబడి ఉండిపోయారు. డాబా అంచున ఈ పెట్టె పెట్టుకుంటే పగలంతా వార్తలు ఊరికే వినొచ్చు. లేత ఎండలో పెట్టాలి. నడినెత్తి ఎండలో నల్ల ప్లాస్టిక్ కాగిపోయి లోపలి బ్యాటరీ దెబ్బతింటుంది.

కొనేటప్పుడు ఎవరూ చూడనిదీ, అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇంకొకటి ఉంది. అది ఏ ఏ స్టేషన్లు పడుతుందన్నది. చాలా మోడళ్ల మీద ఏఎం, ఎఫ్ఎం పక్కన డబ్ల్యూబీ అని ఉంటుంది. అది అమెరికా వాతావరణ శాఖ 162.400 నుంచి 162.550 మెగాహెర్ట్జ్ మధ్య ఏడు ఛానెళ్లలో రాత్రింబగళ్లు చేసే ప్రసారం కోసం. హ్యూస్టన్‌లోనో డాలస్‌లోనో ఉన్న మనవాళ్లు ఆ రెండక్షరాలు చూసే కొనాలి. 2021 ఫిబ్రవరి మంచుకు టెక్సాస్‌లో లక్షల ఇళ్లకు కరెంటు పోయింది, అలాంటప్పుడు వాళ్లకు అది ఎంతైనా ఉపయోగం. కాకినాడలో ఆ మీట మనకు గరగర తప్ప ఏమీ ఇవ్వదు.

మనకు కావలసింది ఏఎం, అంటే మీడియం వేవ్. ఎఫ్ఎం కనుచూపు మేరలో వినిపించే రకం, ఊళ్లోని టవరు పడితే అదీ పడినట్టే. మీడియం వేవ్ నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వస్తుంది, రాత్రిపూట ఆకాశపు పై పొరల నుంచి తిరిగి వందల కిలోమీటర్లు దాటుతుంది. ఏళ్ల తరబడి మన చెవులకు అలవాటైన విశాఖ 927, విజయవాడ 837, హైదరాబాదు 738 కిలోహెర్ట్జ్ ఆకాశవాణి స్టేషన్లు ఈ పద్ధతివే. మీ ఊళ్లో వీటిలో ఏది పడుతుందో ముందే చూసుకోవాలి. చూసేటప్పుడు ఇంట్లో మెయిన్ స్విచ్ ఆపేయండి. ఎల్ఈడీ బల్బులు, ఛార్జర్లు, ఇన్వర్టరు చేసే రొదలో మీడియం వేవ్ వినపడదు, రేడియో పాడైందనుకుంటాం. ఊరంతా కరెంటు పోయాక అదే స్టేషను గంట కొట్టినట్టు వినిపిస్తుంది. ఇంకో సంగతి, పైకి లాగే ఏరియల్ ఎఫ్ఎంకే. మీడియం వేవ్‌కు లోపల ఫెరైట్ కడ్డీ ఉంటుంది, కాబట్టి రేడియోనే మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ గొంతు బలంగా వచ్చిన చోట ఆపాలి. పిడి కంటే ఈ కడ్డీ బాగుందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను.

బీరువాలో పెట్టి మరిచిపోతే లిథియం బ్యాటరీ పూర్తిగా దిగిపోయి మళ్లీ లేవదు. మూడు నాలుగు నెలలకోసారి ఛార్జి చేయాలి. మామూలు పెన్సిల్ సెల్లులు కూడా వేసుకునే వీలున్న మోడలే కొనమంటాను. అసలు రెండు సెల్లుల మామూలు ట్రాన్సిస్టరు, పక్కన కొత్త సెల్లుల ప్యాకెట్ ఉన్న ఇంటికి ఈ రేడియో తప్పనిసరి కాదు. ఆ ట్రాన్సిస్టరు పదుల గంటలు పాడుతుంది. సెల్లులు అయిపోయి, కొట్లు మూసి, దారులు తెగిన ఊళ్లోనే పిడి గెలుస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమలో ఉప్పెన సొర్లగొంది లాంటి ఊళ్లను తుడిచిపెట్టినప్పుడు ప్రతి వాడలో ఇలాంటిదొకటి ఉండి, రాబోయే దాని గురించి వినిపించి ఉంటే అన్న ఆలోచన నన్ను వదలదు.

నా బాధంతా రేడియోకు అవతలి కొస గురించి. దేశంలో మీడియం వేవ్ ట్రాన్స్‌మిటర్లను పాతబడ్డాయని, వినేవాళ్లు లేరని ఒక్కొక్కటిగా మూసేస్తున్నారు. మామూలు రోజున వినేవాళ్లు తగ్గిన మాట నిజం. తుఫాను రోజున లక్షల మంది వింటారు, ఆ రోజు కోసమైనా కోస్తాకు చెరో పక్కన ఒక్కో బలమైన స్టేషను నిలబెట్టాలి. దానికి జనరేటరు, వారానికి సరిపడా డీజిల్, తెలుగులో గంట గంటకూ ఏ నంబరు హెచ్చరిక ఎగరేశారో, ఏ రేవు వైపు వెళ్లొద్దో చెప్పే మనుషులూ ఉండాలి.

హైదరాబాదులో ఇన్వర్టరున్న ఫ్లాటువాళ్లు ఈ రేడియోకు పెట్టే డబ్బు ఆదా చేసుకోవచ్చు. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా సముద్రానికి దగ్గరున్న ఊళ్లలో వీధికొకటైనా ఉండాలంటాను. ఒకరి ఇంట్లో కాకుండా, అందరికీ తెలిసిన చోట, తుఫాను షెల్టరు తాళం ఎవరి దగ్గర ఉంటుందో వాళ్ల దగ్గరే ఉండాలి. మా మేనత్తకు నేను కొన్నది సోలార్, పిడి, పెన్సిల్ సెల్లులు మూడూ ఉన్న రకం. దాని వీపున తెల్ల కాగితం అంటించి స్కెచ్‌పెన్నుతో పెద్దగా 927 అని రాసిచ్చాను.