ఒక్క అక్షరం, 18 బైట్లు

మొన్న అందరం కూర్చుని వ్యాసాలు రాసిన తెలుగు వికీపీడియా ఎడిటథాన్‌కి నివేదిక రాసే పని నా నెత్తిన పడింది. ఇన్నాళ్లూ ఒక సంతకాల కాగితం, నాలుగు ఫొటోలు, అంతే మన లెక్క. ఈసారి, ఎవరెంత రాశారో లెక్కగట్టే వికీమీడియా వాళ్ల ‘ప్రోగ్రామ్స్ అండ్ ఈవెంట్స్ డ్యాష్‌బోర్డ్’ నేర్చుకుందామని కూర్చున్నా.

పొద్దున రాసిన వ్యాసాలేవీ లెక్కలో లేవు! తీరా చూస్తే తప్పు నాదే. మొదలయ్యే సమయం 9 గంటలని పెట్టా. అది యూటీసీ, అంటే మనకు మధ్యాహ్నం 2.30. సరిదిద్దాక కూడా ఇద్దరు కనపడలేదు. వాళ్లు ప్రోగ్రామ్‌లో చేరనే లేదు. చేరనివాళ్లు పక్కనే కూర్చుని రాసినా డ్యాష్‌బోర్డుకి తెలీదు కదా.

ఇక డ్యాష్‌బోర్డు చూపించే, మేం చేర్చిన బైట్లు. అంకె చూసి మురిసిపోయా, కాసేపే. అక్షరాల్ని బైట్లుగా మార్చే యూటీఎఫ్-8లో ఇంగ్లీషు అక్షరానికి 1 బైటు, తెలుగులో ఒక్కో సంకేతానికి 3. ‘స్త్రీ’లో మూడు హల్లులు, రెండు పొల్లులు, ఒక గుడిదీర్ఘం: మొత్తం 18 బైట్లు! అందుకే బైట్లు చూపించి ఇంగ్లీషు వాళ్లతో పోటీకి దిగకూడదు.

కీబోర్డుతో కుస్తీ పట్టి రెండు గంటల్లో రెండే వాక్యాలు రాసిన రిటైర్డు మాస్టారొకరున్నారు. పట్టికలో ఆయన వాటా కంటికి ఆనదు. నిన్న రాత్రి ఇంటి నుంచి మూడో వాక్యం రాశారు. ఎడిటథాన్ గడువు దాటిపోయింది కాబట్టి అది లెక్కలోకి రాదు. నివేదికలో మాత్రం మొదటి వాక్యం అదే రాశా.