ఘాజీ ఎక్కడిది?

ఘాజీ జలాంతర్గామి పాకిస్తాన్‌లో తయారైందని మనలో చాలామంది అనుకుంటున్నారు. కాదు. రెండో ప్రపంచ యుద్ధం కోసం అమెరికావాళ్లు కట్టారు. 1944 డిసెంబరు 1న నీళ్లలోకి దించారు. అప్పటి పేరు డయాబ్లో, అంటే స్పానిష్ భాషలో సైతాను! 1945 ఆగస్టులో పెర్ల్ హార్బర్ నుంచి తొలి యుద్ధయాత్రకు బయల్దేరింది. అది దారిలో ఉండగానే యుద్ధం ఆగిపోయింది.

1964లో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కి అద్దెకిచ్చింది. వాళ్లకి అదే మొదటి జలాంతర్గామి. 1965 యుద్ధంలో తిరిగింది. తర్వాత రిపేరు కోసం టర్కీ పోవాల్సి వస్తే, సూయజ్ కాలువ మూసేసి ఉంది. పాపం, ఆఫ్రికా మొత్తం చుట్టి వెళ్లింది.

1971 నవంబరు 14న కరాచీలో బయల్దేరింది, మన విక్రాంత్ నౌకని ముంచడానికి. మనవాళ్లు తెలివైనోళ్లు. విక్రాంత్‌ని అండమాన్ వైపు పంపేసి, అది విశాఖలోనే ఉన్నట్టు దొంగ రేడియో సందేశాలు పంపారు. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖ హార్బరు బయట సముద్రంలో పెద్ద పేలుడు. ఐఎన్ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ ఛార్జీలకే ఘాజీ మునిగిందని మన నౌకాదళం చెబుతుంది. తన మందుపాతరే పేలి మునిగిందని పాకిస్తాన్ అంటుంది. మా బెంచీలో ఈ తగువు ఇంకా తెగలేదు.

లోపల 93 మంది. ఒక్కరూ బతకలేదు.

టీవీలో ఘాజీ సినిమా వేసినప్పుడు, అది పేలగానే హాలంతా ఈలలే. నేనూ వేశాను, మన దేశం గెలిచింది కదా. కానీ బీచ్‌లో కురుసుర లోపల నడిచినవాళ్లకి తెలుసు, ఎంత ఇరుకో. గుండ్రటి తలుపుల్లోంచి వంగి వంగి పోవాలి. టార్పెడోల పక్కనే మంచాలు. ఘాజీ కూడా ఇంచుమించు అంతే, 95 మీటర్లు. పైకి వచ్చినప్పుడు డీజిల్ ఇంజన్లతో బ్యాటరీలు ఛార్జి చేసుకోవాలి. మునిగాక ఆ బ్యాటరీలే దిక్కు. కిటికీ ఉండదు.

రాత్రి వార్డెన్ సారు హాజరు పిలుస్తుంటే నేను వేళ్లమీద లెక్కపెట్టాను. 93 అయ్యేసరికి రెండు డార్మిటరీలూ అయిపోయాయి.

పక్క మంచం తమ్ముడు అడిగాడు, "అన్నా, మరి దాన్ని పైకి తీసీసినారా?" అని.

లేదు. ఘాజీ ఇప్పటికీ అక్కడే ఉంది.