ఇప్పచెట్టు క్రింద ఒక పగలు

ఇప్పపూలు రాలే వేసవి తొలిరోజులలో, ఒక ఆదివారం తెల్లవారుజామున, ఎనిమిదిమంది మిత్రులు భద్రాచలం నుంచి జీపులో బయలుదేరారు. విదేశాలలో యాత్రికులు పల్లెలకు పోయి, బీరు కాచే చిన్న కర్మాగారాలను, పాత పానశాలలను చూచి వస్తారని వారిలో ఒకరు చదివి ఉన్నారు. మనకూ అటువంటివి ఉన్నాయి, గోడలూ పైకప్పూ మాత్రమే లేవు, అని ఆయన వాదన.

చింతూరు, కుంట దాటి, ఇంజరం వద్ద జాతీయ రహదారిని విడిచి భేజ్జి దారి పట్టారు. ఈ దారికి వెల రక్తంతో చెల్లింది. 2017 మార్చి 11న రహదారి పనులకు కాపలాగా వెళ్ళిన కేంద్ర రిజర్వు పోలీసు జవానులు పన్నెండుమంది భేజ్జి సమీపాన మావోయిస్టుల దాడిలో మరణించారు. ఆ సంగతి ఎవరో ఎత్తగానే జీపులో మాటలు ఆగిపోయాయి.

వారు చూడవచ్చిన ‘కర్మాగారం’ ఒక దోర్ల స్త్రీ ఇంటి పెరడు. ఎండిన ఇప్పపూలను కుండలో నీళ్ళుపోసి కొన్నాళ్ళు నానవేస్తారు. ఎండ ముదిరితే త్వరగాను, చలిగా ఉంటే ఆలస్యంగాను అది పులుస్తుంది. పొంగిన నురుగు అణిగాక కుండను పొయ్యి మీదికెక్కించి, మూతి చుట్టూ బంకమట్టి మెత్తుతారు. ఆవిరి వెదురుగొట్టం వెంట పోయి, నీటిలో నిలిపిన మరొక కుండలో చల్లారి చుక్కలుగా దిగుతుంది. తొలిసారాను కాస్త నిప్పు మీద చల్లి చూస్తారు. భగ్గుమంటే సరుకు మంచిదన్నమాట. ఆకుదొప్పలో పోసి, ముందుగా నాలుగు చుక్కలు పెద్దల పేర నేలకు వదలిన తరువాతనే మనుషులు పుచ్చుకుంటారు. దాని వాసన ఎటువంటిదో త్రాగనివారు వర్ణించగలరు. త్రాగినవారికి ఆ ఓపిక ఉండదు.

దారిలో జీలుగు కల్లు కూడా రుచి చూశారు. బస్తరులో దానిని సల్ఫీ అంటారు. ఉదయం తియ్యగా ఉండి, ప్రొద్దెక్కినకొద్దీ పులిసి ఘాటెక్కుతుంది.

ఈ కుండల వెనుక పెద్ద చరిత్రే ఉంది. ఇంటి అవసరానికి కల్లు గీసుకునే హక్కును గుత్తేదారుల పాలు చేసినందుకే 1879లో రంప కొండలు తిరగబడ్డాయి. 1910లో బస్తరును కుదిపిన భూంకాల్ తిరుగుబాటుకు అడవులను మూసివేయడం ముఖ్యకారణమైనా, ఇంటి సారాపై ఆంక్షలు కూడా ఆ కోపంలో పాలుపంచుకున్నాయి. నేడు ఛత్తీస్‌గఢ్ చట్టం గిరిజన కుటుంబాలకు సొంత వాడకం కోసం పరిమితంగా సారా కాచుకొనే వెసులుబాటునిస్తున్నది. అమ్మకం వేరు సంగతి. అయినా సంతలలో దొప్పలు చేతులు మారుతూనే ఉంటాయి.

బృందంలో నెల్లూరు జిల్లాకు చెందిన విశ్రాంత ఉపాధ్యాయిని ఒకరున్నారు. 1992లో దూబగుంట మొదలుగా ఊరూరా స్త్రీలు సారా దుకాణాలను మూయించిన రోజులలో ఆమె వారితో కలిసి నడిచారు. 1993 అక్టోబరు 1న ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చినప్పుడు, అది తమ ఇంటి పండుగే అనుకున్నారు. మిగిలినవారు దొప్పలు అందుకుంటూ ఉంటే ఆమె పొయ్యి ప్రక్కన కూర్చున్నారు.

“మీ ఆయన త్రాగడా చెల్లీ?” అని అడిగారు.

“త్రాగుతాడక్కా. అందుకే కుండ నా దగ్గర పెట్టుకున్నాను. ఎంత పోయాలో నేనే పోస్తాను.”

“ఈ డబ్బులో?”

“ఉప్పు, నూనె, పిల్లల పుస్తకాలు. పూలు ఏరేది నేను, కాచేది నేను. వేరే పని ఏముంది?”

“ఎప్పుడైనా చెయ్యి చేసుకుంటాడా?”

ఆమె జవాబివ్వలేదు. కట్టెను పొయ్యిలోకి కాస్త ఎగదోసింది.

నెల్లూరు పల్లెలలో సారా వేలంపాటల గుత్తేదారు నుంచి వచ్చేది. లాభం అతనిది, దెబ్బలు ఆడవారివి. ఇక్కడ లాభం ఆడమనిషి కొంగున ముడిపడి ఉంది. రెంటినీ ఒక గాట కట్టడం అన్యాయమే. కానీ దెబ్బల సంగతి ఇక్కడా మాయమైందనుకోవడం అమాయకత్వం. తిరుగు ప్రయాణానికి జీపు వద్ద మిత్రులు పిలుస్తున్నా ఉపాధ్యాయిని వెంటనే లేవలేదు. రెండు సోలల ఎండుపూలు కొలిపించుకున్నారు.

“నువ్వూ కాస్తావా అక్కా?” అని ఆ స్త్రీ నవ్వింది.

“లేదమ్మా, ఉడికించుకు తింటాను. ఎలా వండాలో చెప్పు” అని ఆమె తిరిగి పొయ్యి దగ్గర కూర్చున్నారు.