కుంటి డాక్టరూ, మా అమ్మా

నాకొక చాపల్యం ఉంది. బయట చెప్పుకోదగ్గది కాదు. ఇరవై మూడేళ్ళుగా కాలేజీలో తెలుగు చెబుతున్నాను. అందులోనూ ప్రబంధాలూ, అలంకారశాస్త్రమూను. రాత్రి పదకొండు దాటాక మా యింట్లో దీపం వెలుగుతూంటే, మాష్టారు ఏ తాళపత్ర గ్రంథమో ముందేసుకు కూచున్నారని వీధిలో వాళ్ళు అనుకుంటారు. నేనా సమయంలో అమెరికా వాళ్ళు తీసిన టెలివిజన్ నాటకాలు చూస్తూంటాను. అవీ అన్నీ కాదు. మేధావుల కథలు మాత్రమే. ఎవరికీ అంతుపట్టని చిక్కు ఒకటి రావాలి. పదిమందీ చేతులెత్తెయ్యాలి. అప్పుడు లోకంలో ఎవరితోనూ పొసగని మహానుభావుడొకడు, ఎవరితోనో ఏదో మాట్లాడుతూ మాట్లాడుతూ చటుక్కున ఆగిపోయి, "ఆఁ!" అనుకోవాలి. ఆ "ఆఁ" కోసం నేను నిద్ర మానుకుంటాను.

ఈ సుఖానికి మా యింట్లోనే ఇద్దరు శత్రువులున్నారు. మధ్యతరగతి సంసారం ఆనవాయితీ ప్రకారం మా అబ్బాయి ఇంజనీరింగూ, అమ్మాయి మెడిసినూ చదువుతున్నారు. వాళ్ళ చదువుకి నేను కట్టిన ఫీజంతా నా నాటకాలను ఖండించడానికే పనికివస్తోంది.

2014లో మొదలైన 'స్కార్పియన్' అనే నాటకం ఉంది. మొదటి భాగంలోనే విమానాశ్రయం యంత్రాలు పనిచెయ్యడం మానేస్తాయి. పైనున్న విమానాలు దిగడానికి దారి లేదు. చెడిపోని ప్రోగ్రాం ఒక్క విమానంలో మాత్రం మిగిలింది. మన మేధావి ఏం చేశాడూ? ఆ విమానాన్ని రన్‌వే మీద తలకు తగిలేటంత కిందికి రప్పించాడు. దాని కింద కారు పరుగెత్తించాడు. విమానంలోంచి ఒక తీగ వేళ్ళాడేయించి, దాన్ని తన కంప్యూటరుకి తగిలించుకుని, ప్రోగ్రాం కాస్తా దింపేసుకున్నాడు. నేను కుర్చీ అంచున కూచుని ఊపిరి బిగబట్టాను. మావాడు వెనకనించి, "నాన్నా, అంత కిందికి రాగలిగిన విమానం ఆ రన్‌వే మీదే దిగెయ్యొచ్చుగా?" అన్నాడు.

నేను మాట్లాడలేదు. మరీ అంత మంచి ప్రశ్నకి జవాబుండదు.

అయితే నా పక్షానా శాస్త్రం లేకపోలేదు. హనుమంతుడు నూరు యోజనాల సముద్రం ఒక్క గెంతులో దాటాడు. ఓషధి ఏదో పోల్చుకోలేక కొండనే పెళ్ళగించి తెచ్చాడు. ఆ కొండ బరువెంతని మన పెద్దలెవరూ లెక్కకట్టలేదు. లోకంలో నిజం ఒకటి, కావ్యంలో నిజం ఇంకొకటి. అతిశయోక్తిని అలంకారాల్లో చేర్చారు గాని అబద్ధాల్లో చేర్చలేదు. పోనీ, అష్టావధానం చూడండి. సభలో కూచున్నవాళ్ళలో యతిప్రాసలు తెలిసినవాళ్ళెందరు? అయినా, అవధాని మధ్యలో తగిలిన అడ్డంకులన్నీ దాటుకుని, చివర పద్యాలన్నీ ధారణ చేసి అప్పజెబుతూంటే సభ సభంతా చప్పట్లు కొడుతుంది. ఒక బుద్ధి పనిచేస్తూండగా కళ్ళారా చూడటంలో సుఖముంది. దానికి ఆ విద్య మనకి రానక్కర్లేదు.

ఇది నా సిద్ధాంతం. "పరీక్షలో ఇల్లా రాస్తే మాకు మార్కులెయ్యరు నాన్నా" అంది మా అమ్మాయి.

అన్నిటిలోకీ నాకు ఇష్టమైంది 'హౌస్' అనే వైద్యుడి కథ. 2004 నించి 2012 దాకా ఎనిమిది విడతలుగా నడిచింది. మొత్తం 177 భాగాలు. హ్యూ లారీ అనే ఇంగ్లీషు నటుడు ఆ వేషం వేశాడు. కాలు నొప్పి, చేతికర్ర, విడవని నొప్పిమాత్రలు, నోటి దురుసు. ఆ డాక్టరుకి రోగి మొహం చూడటం ఇష్టం ఉండదు. రోగం మొహం చూడటమే ఇష్టం. షెర్లాక్ హోమ్స్‌కే తెల్లకోటు తొడిగారనుకోండి. ఆ తెల్లకోటూ ఆయన తొడుక్కోడు, అది వేరే సంగతి. ఈ చుట్టరికం వాళ్ళు దాచుకోలేదు కూడా. హౌస్ కాపరముండే యింటి నెంబరు 221బి. తమాషా ఏమిటంటే, ఆ హోమ్స్ అసలు ఒక వైద్యుణ్ణి చూసి అల్లిన పాత్రే. కానన్ డాయిల్‌కి ఎడింబరోలో పాఠం చెప్పిన జోసెఫ్ బెల్ అనే డాక్టరు, రోగిని చూస్తూనే అతని వృత్తీ, వచ్చిన చోటూ చెప్పేవాడట. వైద్యుడు డిటెక్టివై, ఆ డిటెక్టివు నూరేళ్ళు తిరిగి మళ్ళీ వైద్యుడయ్యాడు.

మొదటి కథలో చిన్నపిల్లల బడిలో పంతులమ్మ పాఠం చెబుతూ చెబుతూ మాట తడబడి పడిపోతుంది. మెదడులో కంతి అనుకుంటారు. తీరా చూస్తే బద్దెపురుగు పిల్ల! పందిమాంసం వల్ల వచ్చిందని హౌస్ తేల్చేస్తాడు. ఇక్కడ మా అమ్మాయి అందుకుంది.

"మెదడులోకి చేరేది మాంసంలో ఉన్న పురుగు కాదు నాన్నా. బద్దెపురుగు గుడ్లు కడుపులోకి పోతే వస్తుంది. కలుషితమైన నీళ్ళ వల్లా, సరిగా కడగని కూరల వల్లా, చేతుల వల్లా పోతాయవి. మాంసం ముట్టనివాళ్ళకీ వస్తుంది. మనదేశంలో ఫిట్సు వచ్చినవాళ్ళని చూస్తే ముందుగా అనుమానించేవాటిలో ఇదొకటి. దీనికింత మేధావి ఎందుకు?"

అంతటితో ఆగలేదు. ఆ ఆస్పత్రిలో డాక్టర్లే స్కానింగు తీస్తారనీ, డాక్టర్లే రక్తం పరీక్షిస్తారనీ, పైగా రోగి లేని సమయం చూసి యింటి తాళం తీసి దొంగల్లా సోదా చేసేదీ డాక్టర్లేననీ అంది. అందరికీ 'లూపస్' అనే జబ్బు అనుమానించడం, కాదనుకోవడం. నిజంగా లూపస్ ఉన్న రోగి నాలుగో విడతలో గాని దొరకలేదు. ఆవిడ పట్టిన తప్పులన్నీ తప్పులే. నేను తల ఊపుతూనే తరవాతి భాగం పెట్టాను.

ఈ వ్యసనంలో నాకు తోడు మా అమ్మ. డెబ్బైనాలుగేళ్ళ మనిషి. ఇంగ్లీషు రాదు. భోజనాలు కాగానే, "ఒరే, కుంటి డాక్టరు వచ్చే వేళయింది" అని పిలిచేది. నేను పక్కన కూచుని తెలుగు చేసి చెప్పేవాణ్ణి. ఒక రాత్రి కథంతా విని అంది: "వాడికి రోగం దొరికింది, సరేరా. ఆ పిల్ల పక్కన కాసేపు కూచుని, 'అమ్మా, ఎల్లా ఉంది నీకు' అని ఒక్కసారైనా అడిగాడట్రా?"

"అల్లా అడిగితే కథ పది నిమిషాల్లో అయిపోతుందమ్మా" అన్నాను. ఇద్దరం నవ్వుకున్నాం.

ఆ మాట 2023 వేసవిలో నాకు తగిలింది.

అమ్మకి రక్తపుపోటు ఉంది. మావూరి డాక్టరుగారు రాసిన మాత్ర ఏళ్ళ తరబడి వేసుకుంటోంది. ఆ వేసవిలో పోటు ఎక్కువైతే పట్నంలో పెద్ద డాక్టరుకి చూపించాను. కొత్త మాత్ర రాశారు. పాతది మానాలా అని నేను అడగలేదు. ఆయన చెప్పలేదు. మా యింట్లో వారానికి సరిపడా మాత్రలు పెట్టుకునే గళ్ళపెట్టె ఉంది. ప్రతి ఆదివారం దాన్ని సర్దేది నేనే. పాత మాత్రా, కొత్త మాత్రా పక్కపక్కనే సర్దాను.

రెండు వారాల్లో అమ్మ మారిపోయింది. ముందు నీరసం, కడుపులో వికారం. తరవాత మాట పొంతన తప్పింది. తులసికోట దగ్గిర దీపం పెట్టి వచ్చి, అయిదు నిమిషాలకి పెట్టలేదనుకుని మళ్ళీ వత్తులు వెతుక్కునేది. నన్ను పట్టుకుని, చనిపోయిన మా పెద్ద మామయ్య పేరుతో పిలిచింది. ఒక రాత్రి స్నానాలగదిలో పడింది. పట్నం తీసుకెళ్ళి తలకి స్కానింగు తీయించాను. మెదడు వయసుకు తగ్గట్టు కుంచించుకుందన్నారు. మతిమరుపు జబ్బు మొదలై ఉంటుందని మాత్రలు రాశారు. వాటినీ తెచ్చి అదే పెట్టెలో సర్దాను.

ఆ రోజుల్లో నేను చేసిన నిర్వాకం చెప్పడానికి సిగ్గేస్తుంది. రాత్రిళ్ళు ఒక్కణ్ణే కూచుని హౌస్ నోట వచ్చిన రోగాల పేర్లన్నీ కాగితం మీద రాసుకునేవాణ్ణి. ఇది కాదు గదా, అది కాదు గదా అని హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఫోను చేసేవాణ్ణి. "నాన్నా, ముందు ఆ టీవీ కట్టెయ్యి" అని విసుక్కునేది. పగటిపూట చూడవచ్చిన వాళ్ళతో మాత్రం, అమ్మ ఎదురుగా కూచుని ఉండగానే, "మతి పోయిందండీ, ఇంక అంతే" అనేవాణ్ణి, అక్కడ లేని మనిషిని గురించి చెప్పినట్టు. ఒకనాడు ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "మతి కాదురా, ఒంట్లోనే ఏదో తేడాగా ఉంది. ఏదో పడటంలేదు" అంది. "సరేలే, పడుకో అమ్మా" అన్నాను.

మా ఆవిడ పోరగా పోరగా, చివరికి మావూరి డాక్టరుగారి దగ్గిరికే తీసుకెళ్ళాను. ఆయనకీ డెబ్బై దగ్గిర పడ్డాయి. యింట్లో ఉన్న మందులన్నీ సంచిలో వేసుకు రమ్మని ముందే కబురుచేశారు. స్కానింగు కవరు పక్కన పెట్టేసి, స్టూలు అమ్మ దగ్గిరికి లాక్కున్నారు. "ఏమ్మా, నన్ను పోల్చారా? ఎల్లా ఉంటోంది?" అని అడిగి, ఆవిడ తడుముకుంటూ తడుముకుంటూ చెప్పిందంతా విన్నారు. పావుగంట పట్టింది. నేను మధ్యలో అందించబోతే చేత్తో వారించారు. తరవాత సంచిలో మాత్రల రేకులు ఒక్కొక్కటే తీసి, వెలుగుకేసి పట్టి, వెనకనున్న సన్నటి అక్షరాలు చదివారు. రెండు రేకులు బల్ల మీద పక్కపక్కన పెట్టి నావేపు చూశారు.

"మాష్టారూ, వీటికి పేర్లే వేరు. లోపల మందు ఒకటే. పోటు తగ్గడానికి ఒంట్లో నీరు తీసేసే మందు. నీటితోబాటు ఉప్పూ పోతుంది. మీరు రెండింతలు వేశారు. పెద్దవాళ్ళకి ఉప్పు పడిపోతే ఇల్లాగే తికమకపడతారు."

రక్తం పరీక్షలో సోడియం 118 వచ్చింది. ఉండవలసింది 135 నించి 145.

ఒకే వస్తువుకి రెండు పేర్లు! నా జన్మంతా పర్యాయపదాలు చెప్పడంతోనే గడిచింది. చిన్నప్పుడు మా తాతగారు అమరకోశం వల్లెవేయించారు. పేర్లు ఎన్నయినా వస్తువు ఒకటేనని ప్రతి యేడూ కొత్త పిల్లలకి చెబుతాను. ఆ ఒక్క ముక్కా నా యింట్లో, నా చేత్తో సర్దిన పెట్టెలో నాకు కనబడలేదు.

నర్సింగ్ హోములో నాలుగు రోజులున్నాం. ఉప్పు త్వరగా ఎక్కించెయ్యమని తొందరపెట్టాను. "మెల్లిగానే పెరగాలి మాష్టారూ. ఒక్కసారి పెంచితే మెదడుకే దెబ్బ" అన్నారు డాక్టరుగారు. నాటకంలో అయితే ఆఖరి అయిదు నిమిషాల్లో సూదిమందు పొడిస్తే రోగి లేచి కూచుంటాడు. ఇక్కడ కొన్ని గంటలకోసారి రక్తం తియ్యడం, అంకె కాస్త కాస్త జరగడం. నాలుగోనాడు పొద్దున్న అమ్మ నన్ను నా పేరుతో పిలిచి, ఫ్లాస్కులో కాఫీకి పంచదార తక్కువైందని చెప్పింది. నేను వరండాలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను.

యింటికి వచ్చాక ఆవిడతో ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. ఆ రెండు మాత్రలూ నేనే పెట్టానని. "కావాలని పెట్టావుట్రా?" అని తేల్చేసింది. కాసేపు ఊరుకుని, "అయితే ఒరే, నా యెదురుగానే నాకు మతి పోయిందని అందరితో అనేవాడివి చూడు, అది మాత్రం నాకు వినపడుతూనే ఉండేదిరా" అంది.

దానికి నేను ఏ శాస్త్రంలోంచీ జవాబు తేలేకపోయాను.

కొన్నాళ్ళు ఆ నాటకం జోలికి పోలేదు. ఆ తరవాత తిరిగి చూడబుద్ధయింది. ఎందుకా అని ఆలోచించాను. మావూరి డాక్టరుగారు చేసిందేమిటి? రోగి యింట్లో ఏమేం మందులున్నాయో చూశారు. హౌస్ శిష్యులు తాళాలు తీసి చేసే సోదా కూడా అదే గదా! మా అమ్మాయి అన్నిటికన్న ఎక్కువగా నవ్విన ఘట్టమే నిజానికి అన్నిటికన్న దగ్గిరగా ఉంది. వాళ్ళు దొంగతనంగా చూశారు, ఈయన అడిగి చూశారు.

మా అమ్మాయే ఇంకో సంగతి చదివి చెప్పింది. జర్మనీలో మార్‌బర్గ్ ఆస్పత్రికి 2012లో 55 ఏళ్ళ మనిషి వచ్చాడు. గుండె దెబ్బతింది, చూపూ వినికిడీ తగ్గిపోయాయి, విడవని జ్వరం. కారణం ఎవరికీ అంతుపట్టలేదు. అక్కడి ప్రొఫెసర్ యుర్గెన్ షేఫర్ విద్యార్థులకి హౌస్ నాటకం చూపించి పాఠాలు చెప్పే మనిషి. తుంటికి వేసిన కృత్రిమపు కీలులోంచి కోబాల్టు ఒంట్లోకి దిగిన కథ 2011లో ఒక భాగంలో వచ్చింది. ఈ రోగికీ తుంటికీలు లోహంతో చేసిందే. పరీక్షిస్తే కోబాల్టే! కీలు మార్చాక గుండె కొంత కోలుకుంది. పోయిన చూపూ వినికిడీ మాత్రం పెద్దగా తిరిగి రాలేదు. 2014లో 'లాన్సెట్' అనే వైద్యపత్రిక దీన్ని ప్రచురించింది. నాటకాన్ని నమ్మినందువల్ల ఆయనకి రోగం దొరకలేదు. నాటకంలో విన్నదాన్ని తన రోగి దగ్గిర పరీక్షించి చూసినందువల్ల దొరికింది.

ఈ కథల్లో సైన్సు తప్పుల వల్ల నాకేమీ నష్టం లేదని ఇప్పటికీ అంటాను. వాటిని దిద్దడానికి యింట్లో ఇద్దరున్నారు. తెలియని సంగతి తెలిసేదాకా నిద్రపట్టని మనిషిని చూపిస్తాయి. అది నిజం, అందుకే చూస్తాను. మేధావి అయినవాడు ఎదటివాళ్ళ మాట వినక్కర్లేదని కూడా చూపిస్తాయి. నేను మోసపోయింది అక్కడ. మేధస్సు నాకు లేదు గనక, ఆ రెండోది ఒక్కటీ సులువుగా అబ్బింది.

ఇప్పుడు ఆదివారాలు గళ్ళపెట్టె అమ్మా నేనూ కలిసి సర్దుతాం. రేకు వెనకనున్న సన్నక్షరాలు నేను పైకి చదువుతాను. ఆవిడ వంట చేసుకునేటప్పటి స్తోత్రంలాగా రెండుసార్లు అనుకుంటుంది.

మొన్న సెలవులకి మా అమ్మాయి వచ్చింది. రాత్రి ముగ్గురం నాటకం ముందు కూచున్నాం. హౌస్ తెల్లబల్ల మీద రోగలక్షణాలు వరసగా రాస్తున్నాడు. శిష్యులు ఒక్కొక్కరే రోగం పేరు చెబుతున్నారు, ఆయన ఒక్కొక్కటే కొట్టేస్తున్నాడు. మా అమ్మాయి తప్పు పట్టడానికి నోరు తెరిచింది. ఈలోగా అమ్మ ముందుకు వంగి, "ఒరే, ముందు ఆ పిల్ల మందుల సంచి తెప్పించి చూడమనరా వాణ్ణి" అంది.

మా అమ్మాయి నోరు మూసుకుని, మామ్మ పక్కకి జరిగి కూచుంది.